ప్రాణరక్షణ విద్య: నేర్చుట, నిలుపుకొనుట

గత సంవత్సరము మాఘమాసములో పెదకూరపాడులోని మా దగ్గరి బంధువుల ఇంట గృహప్రవేశము జరిగినది. మధ్యాహ్నము బంతులు సాగుచుండెను. రెండవ బంతిలో భోజనము ముగించి, చేయి కడుగుకొని వచ్చిన ఒక పెద్దమనిషి, మాకు పెదనాన్న వరుసవారు, పందిరి రాటను పట్టుకొని నిలుచుండి, ఉన్నట్లుండి నేలకు ఒరిగిపోయిరి. పదిమంది చుట్టు మూగిరి. ఒకరు ముఖమున నీళ్ళు చల్లిరి. ఒకరు చేతిలో తాళపుచెవి ఉంచిరి. ఒకరు ఉల్లిపాయ చిదిపి ముక్కు దగ్గర పట్టిరి. ఒకరు ఫోను తీసి 108 కు కబురు చెప్పిరి. ఆ సందడిలో జరిగిన సరియైన పని అది ఒక్కటియే.

ఆ గుంపులో మేమును ఉంటిమి. అంతకు రెండేండ్ల ముందు సి.పి.ఆర్. అను ప్రాణరక్షణ పద్ధతిలో ఒక పూట శిక్షణ పొంది, పత్రము కూడ పుచ్చుకొన్నవారము. ప్రక్కన మోకాళ్ళపై కూర్చుంటిమి. పెదనాన్నగారి నోరు తెరుచుకొని యున్నది. ఉండి ఉండి ఒక ఎగశ్వాస వచ్చుచున్నది. “ఊపిరి ఆడుచున్నది, భయము లేదు” అని మేమే అందరికిని ధైర్యము చెప్పితిమి. అది ఊపిరి కాదు. గుండె నిలిచిన తరువాత కొంతసేపు శరీరము చేయు వృథాప్రయత్నము మాత్రమే. శిక్షణలో ఈ మాటను మాకు స్పష్టముగ చెప్పియుండిరి. పత్రము మిగిలినది గాని మాట మిగులలేదు. ఆ ఎగశ్వాస కూడ ఆగిన పిమ్మట ఛాతీపై చేతులు ఉంచితిమి. ఎక్కడ నొక్కవలెనో, ఎంత లోతునకు నొక్కవలెనో, ఎంత వేగముగ నొక్కవలెనో మా చేతులకు తోచలేదు. అంబులెన్సులో వచ్చినవారు చేయదగినదంతయు చేసిరి. పెదనాన్నగారు దక్కలేదు.

మేము సకాలమున సరిగా నొక్కియున్నచో ఆయన దక్కియుండెడివారా అను ప్రశ్నకు ఎవరును సమాధానము చెప్పలేరు. కాని మొదటి నాలుగైదు నిమిషములు మా చేతిలో ఉండినవి. వాటిని మేము పోగొట్టితిమి. తెలియనివారమై పోగొట్టలేదు, ఒకప్పుడు తెలిసి, తరువాత మరచినవారమై పోగొట్టితిమి. ఈనాటి మా ప్రసంగము ఆ మరపును గురించి, దానికి విరుగుడును గురించి.

ముందుగా ఒక భేదము గుర్తింపవలెను. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవుట వేరు. గుండెపోటులో గుండె కండరమునకు రక్తము తీసికొనిపోవు నాళము మూసికొనిపోవును. మనిషికి నొప్పి, చెమట, ఆయాసము కలుగవచ్చును. తెలివి మాత్రము ఉండును. అట్టివానిని ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను గాని ఛాతీ నొక్కరాదు. గుండె ఆగినపుడు రక్తప్రసారము నిలిచిపోవును, మనిషి తెలివి తప్పి పడిపోవును, ఊపిరి ఆగును. గుండెపోటు ఇందుకు ఒక ముఖ్యకారణము. పొలములో మోటారు స్టార్టరు వద్ద కరెంటు తగులుట మరొక కారణము. కాలువలోనో కృష్ణలోనో మునుగుట ఇంకొక కారణము. రక్తము అందనిచో నాలుగు నుండి ఆరు నిమిషములలో మెదడు దెబ్బతినుట ఆరంభించును. ఎవరును ఛాతీ నొక్కకుండ గడచిన ప్రతి నిమిషమునకు, బ్రతుకుదురను ఆశ నూటికి ఏడు నుండి పది పాళ్ళ చొప్పున తగ్గిపోవునని వైద్యులు లెక్క కట్టిరి.

108 అంబులెన్సు సేవ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో, హైదరాబాదున, 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. అది మన పల్లెలకు చేసిన మేలు ఇంతింత కాదు. కాని ఎంత చురుకైన బండియైనను పత్తిచేల నడుమ దారిలో నాలుగు నిమిషములలో ఇంటి ముంగిటికి వచ్చుననుకొనుట దురాశ. గుంటూరు పెద్దాసుపత్రిలోను, మంగళగిరి ఎయిమ్సులోను ఎంతటి వైద్యులున్నను, ఆ నాలుగు నిమిషములలో వారు పెదకూరపాడులో ఉండరు. గుండె ఆగుట ఎక్కువగా సంభవించునది ఇండ్లలోనే. కాబట్టి అప్పటికి అక్కడ ఉండువారు భార్యయో, భర్తయో, కోడలో, ఇంటర్మీడియేటు చదువుచున్న మనుమడో, గోడ అవతలి పొరుగువారో. వైద్యుడు వచ్చువరకు మెదడునకు ఇంత రక్తము పంపుచుండవలసినవారు వారే.

ఈ పని సామాన్యుని చేతికి వచ్చిన కథ వినదగినది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో విలియం కౌవెన్‌హోవెన్ అను విద్యుత్ ఇంజనీరు, లయ తప్పిన గుండెను కరెంటుతో సరిచేయు యంత్రమును గూర్చి ఏండ్ల తరబడి పరిశోధించుచుండెను. 1958లో ఆయన శిష్యుడు గై నికర్‌బాకర్ ఒక వింత గమనించెను. ప్రయోగశాలలోని కుక్క ఛాతీపై యంత్రపు పలకలను గట్టిగా అదిమినపుడు, కరెంటు పంపక ముందే, రక్తపు ఒత్తిడి పెరుగుచున్నది. ఒత్తుటలోనే బలము ఉన్నదని వారు గ్రహించిరి. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్‌తో కలసి ఆ ముగ్గురును 1960 జూలైలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో తమ ఫలితములను ప్రకటించిరి. అప్పటివరకు ఆగిన గుండెను నడిపించుటకు ఆసుపత్రులలో ఛాతీ కోసి, గుండెను చేతితో పిసుకుచుండిరి. ఇకమీదట కత్తి అక్కరలేదు. రెండు చేతులున్నవారు ఎవరైనను, ఎక్కడనైనను ఈ పనికి పూనుకొనవచ్చునని తేలినది. ఇంచుమించు అదే కాలమున జేమ్స్ ఈలం, పీటర్ సఫార్ అను వైద్యులు నోటితో ఊపిరి అందించు పద్ధతి ఫలించునని నిరూపించిరి. ఆ రెండును కూడి సి.పి.ఆర్. ఐనది.

నేర్పుటకు సాధనమేది అను ప్రశ్న తరువాత వచ్చినది. ఆరోగ్యముగ ఉన్న మనిషి ఛాతీపై ఈ విద్య అభ్యసింపరాదు, ప్రమాదము. నార్వే దేశములోని స్టావాంగర్ పట్టణమున ఆస్మండ్ లేర్డాల్ అను ఆటబొమ్మల తయారీదారుడు 1960లో ఇందుకొరకు నిలువెత్తు బొమ్మను చేసి ఇచ్చెను. మన కొండపల్లి, ఏటికొప్పాక పనివారి వలె పిల్లల బొమ్మలతో బ్రతికిన మనిషి చేసిన ఆ బొమ్మపై లోకములో కోట్ల జనులు ఈ విద్య నేర్చిరి. మేమును అట్టి బొమ్మపైననే నేర్చితిమి.

మేము మరల నేర్చుకొన్న క్రమమును ఇప్పుడు చెప్పుదుము. మనిషి పడిపోయిన చోటు క్షేమమైనదేనా అని మొదట చూడవలెను. కరెంటు తగిలినవానిని ముట్టుకొనుటకు ముందు మెయిను ఆపవలెను. తరువాత భుజములు తట్టి బిగ్గరగ పిలువవలెను. పలుకనిచో పది సెకండ్లకు మించకుండ ఛాతీ లేచి పడుచున్నదేమో చూడవలెను. ఊపిరి లేకున్నను, ఎగశ్వాసగా ఉన్నను రెండును ఒకటే. గుండె ఆగినదనియే ఎంచవలెను. ప్రక్కవారిని పేరు పెట్టి పిలిచి 108 కు చెప్పుమనవలెను. ఒంటరిగ ఉన్నచో ఫోనును స్పీకరుపై పెట్టి నేలపై ఉంచి, మాటాడుచునే పని మొదలుపెట్టవలెను.

రోగిని గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టవలెను. నులకమంచముపైనను, పరుపుపైనను నొక్కినచో మంచము వంగును గాని ఛాతీ వంగదు. ఒక అరచేతి అడుగు భాగమును ఛాతీ నడుమ, రొమ్ము ఎముక క్రింది సగముపై ఆనించి, రెండవ చేతిని దానిపై ఉంచి వ్రేళ్ళు పెనవేయవలెను. మోచేతులు వంచక, భుజములను చేతులకు సరిగా పైన నిలిపి, ఒంటి బరువుతో నొక్కవలెను. పెద్దవారికి లోతు ఐదు సెంటీమీటర్లు, ఆరు మించరాదు. వేగము నిమిషమునకు 100 నుండి 120. ప్రతి నొక్కు తరువాత ఛాతీ పూర్తిగ పైకి లేవనీయవలెను. నొక్కువారు అలసిపోవుదురు; కాబట్టి రెండు నిమిషములకొకమారు మనిషి మారవలెను. మారుటలో ఆలస్యము కూడదు. రోగి కదలువరకో, వైద్యసహాయము వచ్చువరకో ఆపరాదు.

శిక్షణ గలవారు ప్రతి ముప్పది నొక్కులకు రెండు ఊపిరులు ఇత్తురు. నీట మునిగినవారి విషయమునను, పసిపిల్లల విషయమునను ఆ ఊపిరి ముఖ్యము. కాని నోటిపై నోరు పెట్టుటకు సంకోచించి జనులు ఏమియు చేయకుండుట కంటె, నొక్కుట ఒక్కటి చేసినను ఎంతో మేలు. ఈ సంగతి గుర్తించి భారత మత్తువైద్య నిపుణుల సంఘము వారు 2017లో సామాన్యుల కొరకు ఛాతీ నొక్కుట మాత్రమే గల సులభపద్ధతిని ప్రకటించిరి.

చదువుటకు ఇది ఐదు నిమిషముల పని. నేర్చుటకు ఒక పూట. నిలుపుకొనుటకు? కష్టమంతయు ఇక్కడనే ఉన్నది. శిక్షణ పొందినవారిని కొంతకాలము తరువాత మరల పరీక్షించి చూచిన పరిశోధకులు పలు దేశములలో ఒకే సంగతి కనుగొనిరి. మూడు నుండి ఆరు నెలలలో నేర్పు జారిపోవుట మొదలగును. మాటల రూపమున నేర్చినది కొంత ఎక్కువ కాలము నిలుచును. చేతి నేర్పు ముందుగా పోవును. నిమిషమునకు ఎన్ని నొక్కులని అడిగిన సరిగా చెప్పగలవాడు బొమ్మ ముందు కూర్చుండినచో తడబడును. వైద్యశాలలలో పనిచేయు నర్సులు, వైద్యులు సైతము దీనికి అతీతులు కారు. అమెరికా హృదయ వైద్య సంఘము ఇచ్చు పత్రమునకు రెండేండ్ల గడువు ఉన్నను, రెండేండ్లకొకమారు పాఠము చాలదనియు, తరచుగ చేయు చిన్న అభ్యాసములే మేలనియు ఆ సంఘమే చెప్పినది.

ఇందులో ఆశ్చర్యము లేదు. జర్మనీ దేశపు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకొని 1885లో ఒక గ్రంథము ప్రకటించెను. ఒక్కపెట్టున వల్లించినదాని కంటె, నడుమ నడుమ ఎడమిచ్చి వల్లించినది గట్టిగ నిలుచునని అందులో చూపెను. మన వీధిబడి పంతుళ్ళు ఎక్కములను ప్రతిదినము చెప్పించినదియు అందుకే. మృదంగము నేర్చినవాడు ఏడాది పాటు వాద్యము ముట్టక కచేరీకి కూర్చుండునా? ఈత, సైకిలు ఒకమారు వచ్చిన పోవని అందుము. ఈ విద్య అట్టిది కాదు. గుండె ఆగిన మనిషి మన ఎదుట ప్రతిదినము పడడు. జీవితములో ఒకమారైనను పడకపోవచ్చును. వాడుక లేని విద్య ఇది. కావున అభ్యాసమును మనమే కల్పించుకొనవలెను.

ఆ ఇంటి కర్మలు ముగిసిన తరువాత ఒక సాయంకాలము మేము మా తప్పును ఇంటిల్లిపాదికి చెప్పుకొంటిమి. ఎవరును నిందింపలేదు. “అయితే మాకు నేర్పండి, ఇంకోసారి ఇట్లా కానీయకండి” అని పెద్దమ్మగారు మాత్రము అనిరి. గుంటూరులో ఒక శిక్షకుని వద్ద మరల నేర్చుకొని ఉగాదినాడు పెదకూరపాడు వెళ్ళితిమి. ఆ ఏడు ఆ ఇంట పండుగ లేదు, పిండివంటలు లేవు. వరండాలో గోనెసంచిలో పాత గుడ్డలు గట్టిగ కూరి కుట్టి, దానిపై నడుమ ఎముక స్థానమున సుద్దతో గుర్తు పెట్టితిమి. ఇది అసలు బొమ్మకు సాటి కాదు. లోతు సరిగా తెలియదు. చేతుల స్థానము, మోచేతుల నిలుకడ, వేగము, లెక్క నేర్చుటకు చాలును.

ఐదుగురు నేర్చిరి. నొక్కిన తరువాత ఛాతీ పైకి లేవనీయవలెనని, లేచినపుడే గుండెలోనికి రక్తము వచ్చి నిండునని మేము ఎంత చెప్పినను, పిల్లలు సంచిపై బరువు మోపియే ఉంచుచుండిరి. అప్పుడు ఆ ఇంటి కోడలు, “బావగారూ, ఇది బోరింగు కొట్టినట్టే గదండీ. పిడి పూర్తిగా లేవకపోతే నీళ్ళెక్కణ్ణించి వస్తయ్?” అనెను. మేము చదివిన పుస్తకములలో దీనికంటె మంచి పోలిక లేదు. ఆ క్షణము నుండి పిల్లలు ఆ తప్పు చేయలేదు.

తొలి ఏకాదశినాడు మరల కూర్చుంటిమి. మూడు నెలలు గడచినవి. ఇంటర్మీడియేటు చదువు పిల్లవాడు ముప్పది నొక్కులను పది సెకండ్లలో ముగించెను. అనగా నిమిషమునకు నూట ఎనుబది. ఒకరి మోచేతులు వంగినవి. ఎగశ్వాసను గూర్చి అడిగితిమి. ఐదుగురిలో ముగ్గురు, “ఊపిరి ఉంది గనక ఆగుతాము” అనిరి. మా కడుపులో చేయి పెట్టి కలచినట్లైనది. ఈ మాటయే పెదనాన్నగారి విషయమున మేము అన్నది. ఆ ఇంటివారే, ఆ మరణమును కన్నులారా చూచినవారే మూడు నెలలలో మరచిరన్నచో, మరపు మనిషి నిర్లక్ష్యము కాదు, మనసు స్వభావమని మాకు నమ్మకము కుదిరినది. ఇరువది నిమిషములలో అన్నియు సరిదిద్దుకొంటిమి. దసరానాటికి తప్పులు సగమైనవి. సంక్రాంతినాటికి మేము నోరు విప్పవలసిన పని లేకపోయినది; ఒకరి తప్పు ఒకరు దిద్దుకొనిరి.

సంక్రాంతి, ఉగాది, తొలి ఏకాదశి, దసరా. ఈ నాలుగింటి నడుమ ఎడము ఇంచుమించు మూడేసి నెలలు. శాస్త్రజ్ఞులు కోరిన వ్యవధి మన పంచాంగములో సిద్ధముగ ఉన్నది. ఇతర మతముల గృహస్థులు తమ పండుగలను బట్టియో, ఋతువులను బట్టియో దినములు ఏర్పరచుకొనవచ్చును. దినము ఏదియైనను, ఇంటివారు ఒకచోట చేరు దినము కావలెను. ఇరువది నిమిషములకు మించి అక్కరలేదు. మొదట మాత్రము తెలిసిన శిక్షకుని వద్ద, అసలు బొమ్మపై నేర్చుట అవసరము. తప్పుగ నేర్చినదానిని అభ్యసించినచో తప్పే గట్టిపడును.

ఒక ఇంటికి చెల్లినది ఒక దేశమునకు చెల్లునా? అమెరికాలోని సియాటిల్ నగరమున 1972 నుండి పౌరులకు సామూహికముగ ఈ విద్య నేర్పిరి. డెన్మార్కు దేశము 2005లో పాఠశాలలలో దీనిని నిర్బంధము చేసినది. మరుసటి సంవత్సరము నుండి డ్రైవింగు లైసెన్సు కోరువారు కూడ నేర్చితీరవలెనన్నది. ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో ప్రక్కనున్నవారి చేతి సాయము పొందినవారు ఆ దేశమున 2001లో నూటికి ఇరువది ఒక్కరు. 2010 నాటికి దాదాపు నలువది ఐదుగురు. నెల దినములు బ్రతికి ఉన్నవారు నూటికి మూడున్నర నుండి దాదాపు పదునొకండు మందికి పెరిగిరి. ఆ పెరుగుదలకు వైద్యములో వచ్చిన ఇతర అభివృద్ధియు తోడైనది. ఐనను సామాన్యుల చేతులు లేనిదే అది సాధ్యము కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పండ్రెండేండ్ల వయసు నుండి బాలబాలికలకు ఏటేట రెండు గంటలు ఈ విద్య నేర్పవలెనను ప్రతిపాదనను సమర్థించినది. “ఏటేట” అను మాటను శ్రోతలు గమనింపవలెను. ఒక్కమారు నేర్పి విడువుమని వారు చెప్పలేదు.

మన తెలుగునాట కూడ కదలిక వచ్చినది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు రాజేంద్రనగర్ ప్రాంతమున బస్టాపు వద్ద పడిపోయిన ఒక యువకుని ట్రాఫిక్ కానిస్టేబులు ఛాతీ నొక్కి బ్రతికించిన దృశ్యమును ఎందరో చూచిరి. మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వము పోలీసు, ఆరోగ్య, పురపాలక సిబ్బందికి శిక్షణ ఇచ్చు కార్యక్రమము ప్రారంభించినది. 2025 అక్టోబరు 13 నుండి 17 వరకు కేంద్ర ఆరోగ్యశాఖ సి.పి.ఆర్. అవగాహన వారమును జరిపినది. ఇవి మెచ్చదగిన పనులు. వారము గడచినది, తక్కిన ఏబది ఒక్క వారముల మాట ఏమి? శిక్షణ పొందినవారు ఇందరు అని లెక్క వ్రాయుచున్నాము. ఆరు నెలల తరువాత వారిలో ఎందరు సరిగా నొక్కగలరు అను లెక్కను కూడ వ్రాయవలెనని మా మనవి.

ఇందుకు పల్నాడు వంటి జిల్లాలో పెద్ద భవనములు అక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఈ జిల్లాలో ప్రతి మండలమునను ఉన్నత పాఠశాలలు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు, ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘములు ఉన్నవి. మండలమునకు ఒక బొమ్మ ఉన్నను, అది బీరువాలో తాళము వేసి ఉండక, నెలకొక ఊరు తిరిగినచో చాలును. డ్వాక్రా సమావేశములు ఎటులను జరుగుచునే ఉండును. మూడు నెలలకొకమారు అందులో ఇరువది నిమిషములు దీనికి ఇచ్చిన, ఆ సంఘములోని స్త్రీలందరును ఈ విద్యను నిలుపుకొందురు. ఇందులో మరొక మేలు కలదు. ఆడవారు పడిపోయినపుడు ఛాతీపై చేయి వేయుటకు పరాయి పురుషులు సంకోచింతురు. దూరదేశములలో సైతము బహిరంగస్థలమున స్త్రీలకు ఈ సాయము తక్కువగా అందుచున్నదని పరిశీలనలు చెప్పినవి. ప్రాణము పోవుచున్నపుడు ఆ సంకోచము తగదు. ఐనను, నేర్చిన స్త్రీలు ప్రతి వీధిలో ఉన్నచో ఆ అడ్డంకియే రాదు.

భయములు మరి కొన్ని కలవు. ఎముక విరుగునేమో అందురు. విరుగవచ్చును. విరిగిన ప్రక్కటెముక అతుకుకొనును. ఆగిన గుండెను విడిచిన అది తనంతట కొట్టుకొనదు. పోలీసులు, కోర్టులు మనలను త్రిప్పుదురేమో అందురు. రోడ్డు ప్రమాదములలో సాయపడినవారిని రక్షించు మార్గదర్శక సూత్రములను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో ఆ రక్షణ చట్టరూపము పొందినది. అన్నిటికంటె పెద్ద భయము వేరు. “నాకు సరిగా వచ్చునో రాదో” అనునది. ఈ భయమునకు చట్టము మందు కాదు, అభ్యాసమే మందు.

రేడియో ఇందులో ఏమి చేయగలదు? మీ చేతులు మాకు కనబడవు. మోచేయి వంగినదని మేము చెప్పలేము. కాని తాళము వినిపింపగలము, గుర్తు చేయగలము. ఈ ప్రసంగము ప్రసారమైనపుడు చివర ఒక నిమిషము పాటు మృదంగముపై నూట పది దెబ్బలు వినిపించితిమి. అచ్చులో ఆ దెబ్బలు వినబడవు గనుక పాఠకులకు ఒక ఉపాయము. సెకండ్ల ముల్లు గల గడియారమును ఎదుట పెట్టుకొని, గట్టిగ కూరిన దిండుపై నొక్కుచు బిగ్గరగ లెక్కపెట్టవలెను. ముప్పది నొక్కులు పదునైదు సెకండ్ల కంటె ముందు ముగిసినచో తొందరపడితిరి. పదునెనిమిది దాటినచో వెనుకబడితిరి. నడుమ ముగిసినచో వేగము కుదిరినది. అట్లు రెండు నిమిషములు చేసి చూచినచో, ఈ పనికి ఇద్దరు మనుషులు ఎందుకు కావలెనో మీ భుజములే చెప్పును.

మా శిక్షణ పత్రము ఇంకను బీరువాలో ఉన్నది. దానిపై తేదీని మేము ఇప్పుడు చూచుట లేదు. పెదకూరపాడులోని ఆ ఇంట వరండా గోడకు వ్రేలాడు కాలెండరులో, పాల లెక్కల ప్రక్కన, చివరి అభ్యాసము జరిగిన దినమున పెద్దమ్మగారు ఒక సున్న చుట్టి ఉంచిరి. శ్రోతల ఇండ్లలోని కాలెండరులలో అట్టి సున్న ఏ దినముపై ఉన్నదో ఈ రాత్రి ఒకమారు చూచుకొనవలెనని కోరుచున్నాము.